పసిబిడ్డకూ కొలెస్ట్రాల్ పరీక్ష చేయించండి: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

కొత్త ఆసుపత్రి కట్టించమని అడగడానికి కాదు ఈ ఉత్తరం. మీ శాఖ నుంచి ఒక చిన్న ఉత్తర్వు కావాలి. రెండేళ్ళలోపు బిడ్డకు రెండు వారాలు దాటినా విరేచనాలు కట్టక, బరువు పెరగక ప్రభుత్వాసుపత్రికి తీసుకొస్తే, ఆ బిడ్డకు రక్తంలో కొవ్వుల పరీక్ష తప్పకుండా చేయాలని. అందరూ లిపిడ్ ప్రొఫైల్ అంటారే, అదే. నలభై దాటినవాళ్ళకు రాసే పరీక్ష చంటిపిల్లకెందుకని మీ అధికారులు అడుగుతారు. అడగాలి కూడా. జవాబు చెప్పాలనే రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. తిరుపతిలో చాలా ఏళ్ళు జీవరసాయన శాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. తిన్న కొవ్వు పేగులోంచి రక్తంలోకి ఎలా చేరుతుందో ఏటా కొత్త పిల్లలకు బోర్డు మీద గీసి చూపించాను. ఆ బొమ్మలో ఒక్క మెట్టు పుట్టుకతోనే లేకపోతే బిడ్డ గతి ఏమవుతుందో మాత్రం మా బంధువుల ఇంట్లోనే చూశాను.

పలమనేరు వైపు పల్లెల్లో చంటిబిడ్డ తాగిన పాలు కక్కేస్తూ, కడుపు ఉబ్బి, జిడ్డు తేలే భేదులతో ఎండిపోతుంటే ముందు పక్షిదోషం అంటారు. తాయెత్తు కడతారు. తర్వాత పాలు పడలేదంటారు. బలం చాలలేదని ఆవుపాలు మాన్పించి చిక్కటి ఎనుము పాలు పట్టేవాళ్ళూ ఉన్నారు, అందులో కొవ్వు ఇంకా ఎక్కువ. అంగన్‌వాడీ అమ్మాయి తూకం వేసి, ఎర్రగీత కింద ఉన్నాడని పోషకాహార పునరావాస కేంద్రానికి పంపిస్తుంది. అక్కడ ఇచ్చేది పాలు, చక్కెర, నూనె కలిపిన ఆహారం. తీవ్ర పోషకాహార లోపానికి ప్రపంచమంతా వాడే ఎఫ్-100 ఫార్ములాలో శక్తిలో సగం కొవ్వు నుంచే వస్తుంది. ఎందరో బిడ్డలను బతికించిన మంచి వైద్యం అది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ కొవ్వును దాటించలేని పేగుతో పుట్టిన బిడ్డకు ఆ నూనే ముప్పు. కేంద్రంలో పెట్టినకొద్దీ భేదులు పెరుగుతాయి. అప్పుడు తల్లినే అంటారు, సరిగ్గా పెట్టడం లేదని.

మా చిన్నాన్న మనవడి విషయంలో ఇదంతా జరిగింది. వాడు బతికాడు. వాంతులు, భేదులు అయ్యేసరికి నూనె, నెయ్యి తానే దూరం పెట్టడం నేర్చుకున్నాడు. బడికెళ్ళే వయసు వచ్చాక నడకలో తూలడం మొదలైంది, సందెవేళ మెట్లు కనిపించేవి కావు. అప్పుడు కూడా కాళ్ళ డాక్టరు, కళ్ళ డాక్టరు విడివిడిగా చూశారే తప్ప కొలెస్ట్రాల్ ఎవరూ చూడలేదు. చివరికి రాష్ట్రం దాటి వెళ్ళినచోట చూస్తే చెడ్డ కొలెస్ట్రాల్ అని మనం భయపడే ఎల్‌డీఎల్ దాదాపు సున్నా. జబ్బు పేరు అబీటాలైపోప్రొటీనేమియా. ఆ పరీక్ష వాడికి ఏడాది వయసులో చేసి ఉంటే ఖర్చు కొన్ని వందల రూపాయలు.

పేగులో జరిగేది కాస్త చెప్పనివ్వండి, నా కోరికంతా దానిమీదే నిలబడి ఉంది. మదనపల్లె టమాటా మార్కెట్టునే తీసుకోండి. సరుకు యార్డుకు రావడం ఒక పని, లారీకెక్కి బయటపడడం ఇంకో పని. పాలలోని కొవ్వు జీర్ణమై పేగు గోడలోని కణంలోకి చేరడం యార్డుకు రావడం లాంటిది. అక్కడ దాన్ని మోసుకెళ్ళే లారీ అపోబి-48 అనే ప్రొటీను. దానిమీదికి కొవ్వును ఎత్తే హమాలీ ఎంటీపీ అనే మరో ప్రొటీను. నిండిన బండిని కణం లోపల ఒక అర నుంచి ఇంకో అరకు వదిలే గేటు దగ్గర ఎస్‌ఏఆర్1బి ఉంటుంది. అన్నీ సవ్యంగా ఉంటే ఆ బండి, అంటే కైలోమైక్రాన్, శోషరస నాళాల గుండా వెళ్ళి రక్తంలో కలుస్తుంది. హమాలీ లేకపోతే అబీటాలైపోప్రొటీనేమియా. గేటు తెరుచుకోకపోతే కైలోమైక్రాన్ రిటెన్షన్ జబ్బు. బయటి దారి, అంటే శోషరస నాళాలు, ఉబ్బి కారిపోతుంటే లింఫాంజియెక్టేసియా. ఇక పేగు కణంలో కొవ్వును తిరిగి కట్టే డీజీఏటీ1 ఎంజైము పుట్టుకతో లేని బిడ్డలను 2012లో మొదటిసారి గుర్తించారు. వాళ్ళకూ ఇవే భేదులు. సరుకు కణం లోపలే నిలిచిపోయిన జబ్బుల్లో ఎండోస్కోపీ చేస్తే పేగు లోపలి గోడ తెల్లబారి కనిపిస్తుంది.

కొవ్వుతో పాటే ఎ, డి, ఇ, కె విటమిన్లూ ఆగిపోతాయి. నరాలను, కంటి వెనక పొరను కాపాడేది ఇ విటమిన్. అది ఏళ్ళ తరబడి అందకపోతే ముందు మోకాలి మీద సుత్తితో కొట్టినా కాలు కదలదు, తర్వాత నడక పోతుంది, రాత్రి చూపు పోతుంది. 1970లలో లండన్‌లో డేవిడ్ ముల్లర్, జూన్ లాయిడ్ అనే వైద్యులు ఈ పిల్లలకు చాలా పెద్ద మోతాదులో ఇ విటమిన్ ఇస్తే నరాలు నిలబడతాయని చూపించారు. ఇప్పుడు కిలో బరువుకు రోజుకు 100 నుంచి 300 యూనిట్ల దాకా ఇస్తారు. పేగు గుండా ఆ కాస్తే దాటుతుంది కాబట్టి అంత కావాలి. ముఖానికి రాసుకోవడానికి మన మందుల షాపుల్లో కొనే ఆకుపచ్చ గుళికల్లో ఉండేది ఈ ఇ విటమినే. మందు ఇంత దగ్గరగా ఉండగా బిడ్డ నడక పోవడం నేను తట్టుకోలేను మంత్రి గారూ.

పేరు తెలియకుండా వైద్యం చేయలేమా అంటే, ఈ జబ్బుల్లో చేయలేం. ఎంసీటీ నూనె అని ఒకటుంది. అందులోని చిన్న కొవ్వు ఆమ్లాలు కైలోమైక్రాన్ అవసరం లేకుండా నేరుగా కాలేయానికి పోతాయి. లింఫాంజియెక్టేసియా బిడ్డకు అదే ప్రధానమైన ఆహారం. అబీటాలైపోప్రొటీనేమియా బిడ్డకు దాన్ని ఎక్కువ కాలం వాడితే కాలేయం గట్టిపడుతుందేమోనని వైద్యులు వెనకాడతారు. కొవ్వుతో సంబంధం లేని ఉదాహరణ ఒకటి చెప్తాను. గ్లూకోజ్-గెలాక్టోజ్ మాల్ అబ్సార్ప్షన్ ఉన్న బిడ్డకు మనం అందరికీ ఇచ్చే ఓఆర్‌ఎస్ పొడి కూడా భేదుల్ని పెంచుతుంది, దానిలోని గ్లూకోజే ఆ పేగు తీసుకోలేదు. పుట్టుకతో వచ్చే పేగు జబ్బులు పదుల్లో ఉన్నాయి. పైకి అన్నీ ఒకటే, భేదులు. వైద్యం మాత్రం దేనికది.

కొవ్వు జబ్బుల్ని విడదీయడానికి లిపిడ్ ప్రొఫైల్ మొదటి తలుపు. అబీటాలైపోప్రొటీనేమియాలో కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు రెండూ అడుగంటుతాయి. కైలోమైక్రాన్ రిటెన్షన్‌లో కొలెస్ట్రాల్ సగానికి పడుతుంది, ట్రైగ్లిజరైడ్లు మామూలుగానే ఉంటాయి. తల్లిదండ్రులకూ అదే పరీక్ష చేస్తే ఇంకొంత తేలుతుంది. వాళ్ళ ఎల్‌డీఎల్ కూడా సగమే ఉంటే లోపం అపోబిలో, అంటే లారీలోనే ఉండవచ్చు. దీనికి తోడు రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి చూస్తే ముళ్ళుముళ్ళుగా ఉన్న ఎర్రకణాలు, మలంలో కొవ్వు బొట్లు. ఈ మూడింటికీ పెద్ద యంత్రాలు కొనక్కర్లేదు. ఏ జిల్లా ఆసుపత్రి ల్యాబులోనైనా అయ్యే పనులు.

పది లక్షల్లో ఒకరికి కూడా ఉండని జబ్బు కోసం ఇదంతా ఎందుకన్న మాట నాకు ముందే వినిపిస్తోంది. ఆ లెక్క మేనరికాలు తక్కువగా ఉన్న దేశాల నుంచి వచ్చింది. 1950లో న్యూయార్క్‌లో బాసెన్, కోర్న్‌జ్వైగ్ అనే వైద్యులు అబీటాలైపోప్రొటీనేమియాను మొదటిసారి వర్ణించింది 18 ఏళ్ళ అమ్మాయిలో, ఆమె తల్లిదండ్రులు కూడా దగ్గరి చుట్టాలే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో దాదాపు నాలుగో వంతు పెళ్ళిళ్ళు రక్తసంబంధంలో జరిగినవి. అక్క కూతురిని చేసుకునే ఆచారం చిత్తూరు పల్లెల్లో ఇంకా ఉంది. ఇది విని ఎవరూ ఆ కుటుంబాలను ఆసుపత్రిలో నిలదీయకూడదు. ఒకే లోపం దాచుకున్న ఇద్దరు కలిస్తే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుందని, తర్వాతి బిడ్డకు ఏమేం చూసుకోవాలో కూర్చోబెట్టి మర్యాదగా చెప్పే మనిషి కావాలి.

అరుదైన బిడ్డల నుంచి లోకానికి వచ్చిన మేలు కూడా చిన్నది కాదు. ఆ అమ్మాయి జబ్బుకు కారణం ఎంటీపీ లేకపోవడమేనని 1992లో తేలింది. అదే ఎంటీపీని మందుతో అణిచిపెడితే, ఎల్‌డీఎల్ కొండలా పెరిగి చిన్న వయసులోనే గుండెపోటు వచ్చే వంశపారంపర్య జబ్బులో ఉపయోగపడుతుందని గ్రహించి లోమిటపైడ్ తయారుచేశారు. అమెరికాలో 2012 డిసెంబరులో దానికి అనుమతి వచ్చింది. పేగు జబ్బు మీద పరిశోధన గుండె మందుకు దారి తీసిందన్నమాట. అలాంటి పరిశోధనకు తిరుపతిలో లేనిదేమిటి? రుయా ప్రభుత్వాసుపత్రిలో పిల్లల వార్డు ఉంది. స్విమ్స్‌లో బయోకెమిస్ట్రీ, గ్యాస్ట్రో విభాగాలు ఉన్నాయి. ఏర్పేడు వైపు ఐసర్ అనే సైన్సు విద్యా పరిశోధనా సంస్థలో జన్యువుల మీద, కణాల మీద పనిచేసే కుర్రవాళ్ళున్నారు. ఐసర్ కేంద్రానిది, స్విమ్స్ వెనక టీటీడీ ఉంది, రుయా మీది. ఈ ముగ్గురినీ ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించగలిగినవారు మీరే. తల్లిదండ్రుల అనుమతితో తీసిన రక్తం, డీఎన్‌ఏ, పేగు ముక్క ఒకచోట భద్రంగా ఉంటే, ఇవాళ పేరు తేలని బిడ్డకు రేపైనా తేలుతుంది.

డబ్బు సంగతి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద 50 లక్షల దాకా సాయం ఉంది, దానికి హైదరాబాదులో డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి కేంద్రంగా ఉన్నాయి. ఈ బిడ్డలకు 50 లక్షలు అక్కర్లేదు. వాళ్ళకు కావలసింది ఇ, ఎ విటమిన్లు, అవసరమైనవారికి ఎంసీటీ పాలపొడి, ఏడాదికోసారి కంటి పరీక్ష, నరాల పరీక్ష. ఆసుపత్రి పడక మీద జరిగే వైద్యానికే కాక, ఇంట్లో జీవితాంతం వాడే వీటికీ ఎన్టీఆర్ వైద్య సేవలో చోటివ్వండి. కుప్పం నుంచి, పుంగనూరు నుంచి రాయవేలూరుకు బస్సెక్కే తల్లులకు మందు ధర కన్నా ఛార్జీలే భారం.

ఉత్తర్వు రాష్ట్రమంతటికీ ఒకేసారి ఇవ్వడం కష్టమైతే రుయా పిల్లల వార్డులోను, చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలోను, తిరుపతి, చిత్తూరు జిల్లాల పోషకాహార పునరావాస కేంద్రాల్లోను ఒక ఏడాది చేయించి చూడండి. ఏఎన్‌ఎంలకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు నేర్పవలసింది ఒక్క ప్రశ్న: నూనె, నెయ్యి పెట్టిన రోజు భేదులు పెరుగుతున్నాయా? ఆ పాఠం తెలుగులో రాసిపెట్టడానికి, ల్యాబు సిబ్బందికి గాజుపలక చూడడం నేర్పడానికి నాలాంటి రిటైరైనవాళ్ళం ఊళ్ళో ఉన్నాం. పిలిస్తే వస్తాం, జీతం అడగం. మీ కార్యాలయం నుంచి జవాబు కోసం ఎదురుచూస్తాను.

ఇట్లు,
విశ్రాంత జీవరసాయన శాస్త్ర అధ్యాపకురాలు,
తిరుపతి