పేరు అడగడం మర్చిపోయిన ఆ ఫార్మసిస్ట్ అమ్మాయికి

అమ్మ డిశ్చార్జ్ అయింది. కళ్లు మండుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. ఇది మాత్రం ఇవాళే రాయాలి.

అమ్మ ఎప్పుడూ మత్తులోనే ఉండేది. లేపితే పొంతన లేని మాటలు, దుప్పటి మీద లేని దారాలు ఏరడం. స్కాన్‌లో ఏమీ లేదు. "వయసు కదా" అన్నారు. రాత్రి మందులకు వెళ్తే కౌంటర్‌లో ఆ అమ్మాయి, "ఇంట్లో వేసుకునేవి కూడా చూపిస్తారా?" అంది. సంచి బోర్లించాను. షీట్ల వెనక సన్న అక్షరాలు ఒక్కొక్కటే చదివి మూడు పక్కన పెట్టింది. దద్దుర్లకు హైడ్రాక్సిజిన్, జలుబు మాత్రలో క్లోర్‌ఫెనిరమైన్, నిద్రకు డైఫెన్‌హైడ్రమైన్. "మూడూ ఒకే జాతి అండీ, హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకునే పాత మందులు!"

హిస్టమిన్ అంటే దురద, తుమ్ములే అనుకునేదాన్ని. మెదడులో హైపోథాలమస్ అనే భాగం వెనకవైపు చిన్న నాడీకణాల గుంపు దాన్ని తయారుచేసి మెదడంతా పంపుతుందట. మనల్ని మెలకువగా ఉంచే వాటిలో అదొకటి. ఈ పాత మందులు మెదడులోకి చొరబడి దాన్ని అడ్డుకుంటాయి. పైగా జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కొలీన్ అనే ఇంకో రసాయనాన్నీ అడ్డుకుంటాయి. పెద్దవాళ్లలో అయోమయం అందుకే. ఫెక్సోఫెనడిన్ లాంటి కొత్తవి లోపలికి దాదాపు వెళ్లవు. ఇదంతా లైన్లో జనం ఉండగానే, విసుగు లేకుండా చెప్పింది. "మీ అంతట మీరు ఆపకండి, డ్యూటీ డాక్టర్‌తో నేను మాట్లాడతా" అని ఫోన్ చేసింది. పెట్టేశాక నావైపు చూసి, "మీరేమైనా తిన్నారా?" అంది.

అంతే. అప్పటిదాకా బిగబట్టుకున్నదాన్ని, కౌంటర్ పట్టుకుని భోరుమన్నాను.

మందులు మార్చాక అమ్మ మెల్లగా తేరుకుంది. నిన్న "నా కళ్లజోడు ఎవరు తీశారు?" అని నర్సును దబాయించింది కూడా.

అన్నయ్య, వదిన, మా ఆయన వంతులేసుకుని ఉన్నారు. వాళ్లకు వేరే చెప్పేదేముంది.

కానీ ఒళ్లు మండే సంగతి ఒకటుంది. చర్మానికి ఒక డాక్టర్, జలుబుకు ఇంకొకరు, నిద్రమాత్రకు చీటీయే అక్కర్లేదు. అన్నీ ఒకచోట పెట్టి చూసే బాధ్యత ఎవరిదీ కాదా? 65 దాటినవాళ్లకు ఈ పాత రకాలు వీలైనంత వరకు వద్దని అమెరికన్ వృద్ధ వైద్య నిపుణుల బీర్స్ జాబితా చెబుతూనే ఉంది. అమ్మ ఫైల్ ఇంతమంది చేతులు మారింది, ఒక్కరూ అడగలేదు.

అయ్యో, మరిచాను. ఆ ఫోన్‌లో మాట విని వెంటనే మందులు మార్చిన డ్యూటీ డాక్టర్‌గారికి, అమ్మను ఓపిగ్గా పక్కకు తిప్పిన ఆయమ్మకు కూడా థ్యాంక్స్. పక్క బెడ్ దగ్గరున్న అబ్బాయీ, నీ ఛార్జర్ నా దగ్గరే ఉండిపోయింది, మెసేజ్ పెట్టు, పంపిస్తాను.