సంచిలో 19 బిళ్ళలు

చిరంజీవి సుధకు నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. లెక్కలు ఫోనులో చెబితే సగం గాలికి పోతాయి కనుక కాగితం మీదే వివరంగా రాస్తున్నాను. సంచిలో మూడు రంగుల బంతులు ఉన్నప్పుడు చూడకుండా ఒకటి తీస్తే, ఎర్రది వచ్చే సంభావ్యత మూడింట ఒక వంతు ఎందుకు కాదని అడిగావు. దీన్ని పాఠ్యపుస్తకంలోని బంతులతో కాకుండా మన ఇంటి క్యారమ్ బిళ్ళలతో చూద్దాం.

తెల్లవి 9, నల్లవి 9, ఎర్రది 1, వెరసి 19. వీటిని గుడ్డసంచిలో వేసి, బాగా కలిపి, లోపలికి చూడకుండా ఒకటి తీయాలి. స్ట్రైకరును మాత్రం బయటే ఉంచు. అది పెద్దది కనుక వేళ్ళకు తెలిసిపోతుంది, తెలిసి తీసినది యాదృచ్ఛికంగా తీసినట్టు కాదు. బిళ్ళలన్నీ ఒకే పరిమాణంలో, ఒకే నునుపుతో ఉంటేనే ప్రతి బిళ్ళకూ చేతికి చిక్కే అవకాశం సమానమని అనగలం. పాఠ్యపుస్తకాలు ఈ షరతును ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగిపోతాయి గాని, ఆ తర్వాత చేసే భాగహారమంతా దాని మీదే నిలబడి ఉంది.

ఆ సమానావకాశం ఉన్నది 19 బిళ్ళలకే గాని మూడు రంగులకు కాదు. అందువల్ల హారంలో 19, లవంలో మనం కోరిన రంగు బిళ్ళల సంఖ్య రావాలి. ఎర్రది వచ్చే సంభావ్యత 1/19, తెల్లదానికి 9/19, నల్లదానికి 9/19. మూడూ కూడితే 1. ఎర్రదానికి 1/3 ఇస్తే, ఒంటరిగా ఉన్న బిళ్ళను తొమ్మిది బిళ్ళల గుంపుతో సమానం చేసినట్టవుతుంది.

ఈ పొరపాటు పిల్లలే చేస్తారనుకోకు. ఫ్రాన్సుకు చెందిన గొప్ప గణితవేత్త డాలంబేర్, నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత 2/3 అని 1754లో వాదించాడు. మొదటిసారే బొమ్మ పడితే రెండోసారి ఎగరేయనక్కర లేదు గనుక బొమ్మ, బొరుసు తర్వాత బొమ్మ, రెండూ బొరుసులు అనే మూడే పర్యవసానాలు ఉన్నాయని ఆయన లెక్క. అయితే వాటిలో మొదటిదానికి అవకాశం సగం, మిగతా రెంటికీ పావు చొప్పున; కనుక సరైన జవాబు 3/4.

ఇక రెండు బిళ్ళలు తీయడం. ఈ పాఠంలో నాకు బాగా నచ్చే భాగం ఇదే. తీసినదాన్ని తిరిగి వేయకుండా రెండోది తీస్తున్నామనుకో. మొదటిది తెల్లదయ్యే సంభావ్యత 9/19. అది బయటికి వచ్చేశాక సంచిలో మిగిలేవి 18, వాటిలో తెల్లవి 8, కనుక రెండోదీ తెల్లదయ్యే సంభావ్యత 8/18. రెంటినీ గుణిస్తే 72/342, అంటే 4/19. రెండూ నల్లవి కావడానికీ అంతే. ఒకటి తెల్లది, ఒకటి నల్లది రావాలంటే తెల్లది ముందు రావచ్చు, నల్లదైనా ముందు రావచ్చు. ఒక్కో వరుసకు 9/19 × 9/18 చొప్పున రెంటినీ కూడితే 9/19. చాలామంది ఒక్క వరుసనే లెక్కించి సగం జవాబు రాసి వస్తారు. రెంటిలో ఒకటి ఎర్రది కావడానికి మిగిలింది 2/19. 4, 4, 9, 2 కలిపి చూడు, సరిగ్గా 19 వస్తుంది. పరీక్షలో సరిచూసుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

మొదటి బిళ్ళను తిరిగి సంచిలో వేసి కలిపితే లెక్క మారుతుంది. అప్పుడు రెండూ తెల్లవయ్యే సంభావ్యత 81/361. వేయకపోతే వచ్చిన 4/19ని అదే హారానికి మారిస్తే 76/361. తేడా చిన్నదే అయినా మార్కులు పోయేది అక్కడే, కనుక ప్రశ్నలో 'తిరిగి వేయకుండా' అన్న మాట ఉందో లేదో రెండుసార్లు చూడు. తిరిగి వేస్తున్నప్పుడు నల్లవి వరుసగా ఎన్ని వచ్చినా, తర్వాతిది తెల్లదయ్యే సంభావ్యత 9/19గానే ఉంటుంది.

స్విట్జర్లాండు గణితవేత్త యాకోబ్ బెర్నూలీ దీన్నే తిరగేసి ఆలోచించాడు. ఆయన మరణించిన ఎనిమిదేళ్ళకు, 1713లో, అచ్చయిన గ్రంథంలో 3000 తెల్ల రాళ్ళు, 2000 నల్ల రాళ్ళు ఉన్న పాత్ర ఒకటి కనిపిస్తుంది. లోపల ఏముందో తెలియనివాడు ఒక్కో రాయి తీసి, రంగు రాసుకుని, తిరిగి వేస్తూ పోతే, తీసిన సంఖ్య పెరిగేకొద్దీ అతనికి 3:2 నిష్పత్తికి దగ్గరగా వచ్చే అవకాశం హెచ్చుతుందని నిరూపించాడు. హాస్టల్లో బిళ్ళలు దొరికితే, వాటిలో కొన్నిటిని నీ స్నేహితురాలి చేత సంచిలో వేయించి, నిష్పత్తిని పట్టుకోగలవేమో చూడు.

చివరగా, 'కనీసం ఒకటి తెల్లది' అని అడిగితే తెల్లది ఒక్కటీ రాని సంభావ్యతను 1లోంచి తీసివేయి. తిరిగి వేయకుండా తీసిన రెండు బిళ్ళలకు జవాబు 1 − (10/19 × 9/18), అంటే 14/19. మూడు బిళ్ళలకు నువ్వే చేసి పంపు, 283/323 రావాలి. రాకపోతే కొట్టివేతలతో సహా నీ మెట్లన్నీ అలాగే పంపించు, ఎక్కడ తప్పిందో చూస్తాను.

ఆశీస్సులతో,
నాన్న