మూడు మాటల్లో ఇమడని మిత్రుడు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలోని నివాళి ప్రకటనల్లో ‘ఆదర్శ భర్త, ప్రేమగల తండ్రి, నమ్మకమైన మిత్రుడు’ అన్న మాటలు తరచూ కనిపిస్తుంటాయి. ఈ మధ్య నా మిత్రుడు కన్నుమూసినప్పుడు, అతని కుటుంబం కోరగా అటువంటి ప్రకటనే రాయడానికి కూర్చున్న నాకు, ఆ మాటల వెనుక ఎంత జీవితం దాగి ఉంటుందో తెలిసివచ్చింది.

అతని భార్యకు మూత్రపిండాలు పనిచేయడం మానేసిన నాటి నుంచి వారానికి 3 సార్లు, ప్రతిసారీ దాదాపు 4 గంటలపాటు డయాలిసిస్ జరిగేది. ఆ గంటలన్నీ అతను ఆమె మంచం పక్కనే కూర్చుని పత్రిక చదివి వినిపించేవాడు. వైద్యులు ఆమె తాగే నీటికి పరిమితి పెట్టినందువల్ల గ్లాసుతో కొలిచి ఇస్తూ, ఇంట్లో ఉన్నంతసేపూ తానూ అంతకు మించి తాగేవాడు కాదు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పుకోలేదు; ఆమే ఒకనాడు కన్నీళ్లతో నాకు చెప్పారు.

తన పొరపాటు ఉంటే పిల్లలకు క్షమాపణ చెప్పేవాడు. మా తరం తండ్రుల్లో అది అరుదని నా అభిప్రాయం. నా ఉద్యోగం పోయిన రోజుల్లో ప్రతి సాయంత్రం వచ్చి, ఒక్క సలహా కూడా ఇవ్వకుండా నాతో కలిసి నడిచేవాడు.

నివాళి ప్రకటనల్లో ఫొటోకు, తేదీలకు తోడు ఇటువంటి ఒక్క జ్ఞాపకానికైనా చోటు కల్పించవలసిందిగా మనవి. నేను రాసిన ప్రకటనలో ఆ నీళ్ల గ్లాసు సంగతికి చోటు దొరకలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు