పక్షుల పండగ జనవరిలో, పక్షులు దిగేది సెప్టెంబరులో: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను తిరుపతిలో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారిని. పన్నెండేళ్లుగా సెప్టెంబరు వచ్చిందంటే ఆదివారాలు నాకు పులికాట్ సరస్సు ఒడ్డునే తెల్లవారతాయి. మూడింటికి బైకు తీసి, శ్రీకాళహస్తి దాటి, నాయుడుపేటలో టీ తాగి, చీకటి విడిపోకముందే సూళ్లూరుపేట చేరతాం. అక్కణ్ణుంచి శ్రీహరికోట రోడ్డు. రెండు పక్కలా నీళ్లు, బురద, మధ్యలో తారు. మన రాష్ట్రంలో కారు దిగకుండానే వేల పక్షుల్ని చూడగలిగే రోడ్డు అంతకు మించి నాకు తెలియదు.

మీకు చెప్పాల్సింది ఒక్కటే. మన ఫ్లెమింగో పండగ జనవరిలో జరుగుతుంది. నీటిపక్షుల గణన కూడా జనవరిలోనే. పక్షులు మాత్రం ఆగస్టు ఆఖరి నుంచే దిగడం మొదలుపెడతాయి. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలలు మన లెక్కల్లోకి రావడం లేదు. వలసలో అన్నిటికంటే గట్టి నెలలు అవే.

కొన్నేళ్ల విరామం తర్వాత 2025 జనవరిలో పండగ మళ్లీ మూడు రోజులు జరిపినందుకు మాలాంటివాళ్లం ఎంతో సంతోషించాం. మా బడి పిల్లల్ని కూడా తీసుకెళ్లాను. ఆ పండగ ఉండాలి, పెరగాలి. నా బాధ దానికి ముందు గడిచిపోయే నెలల గురించి.

ఆ నెలలు ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే ముందు పులికాట్ నీళ్ల సంగతి చెప్పాలి. ఒడిశాలోని చిలిక తర్వాత దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. కానీ లోతు చాలా తక్కువ. ఎండాకాలంలో ఉత్తరం వైపు చాలా భాగం ఎండిపోయి, నెర్రెలు విచ్చిన బీడులా ఉంటుంది. నైరుతి చివరి జల్లులకు, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాల తొలి వానలకు ఆ బురద మీద అరచేతి మందాన నీళ్లు నిలుస్తాయి. బురదలో పురుగులు, చిన్న నత్తలు, రొయ్య పిల్లలు పైకి వస్తాయి. బురదలో ఏరుకుతినే, జానెడు కూడా లేని ఉల్లంకి పిట్టకు అంతకు మించిన అన్నం ఏముంటుంది? వానలు ముదిరి నీళ్లు మోకాలి లోతు దాటితే ఆ చిన్న పిట్టలు అంచులకు జరిగిపోతాయి. అప్పుడు పొడుగు కాళ్ల ఫ్లెమింగోలకు, బాతులకు వేళ అవుతుంది. మనం పండగకు వెళ్లేసరికి మొదటి బంతి భోజనాలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి.

భీములవారిపాళెంలో పడవ నడిపే ఒకాయన ఈ మాటే నాకు ఒక్క ముక్కలో చెప్పాడు: "చిన్నయి చిన్న నీళ్లకు వస్తాయి సార్, పెద్దయి పెద్ద నీళ్లకు వస్తాయి." పుస్తకాలు చదివి నేను మూడేళ్లకు తెలుసుకున్నది ఆయనకు చిన్నప్పటి నుంచే తెలుసు.

వచ్చేవాళ్లలోనూ ఒక వరస ఉంది. వంపు ముక్కు ఉల్లంకి ఉంది చూడండి, కర్లూ శాండ్‌పైపర్ అంటారు. సైబీరియాలో, ఆర్కిటిక్ మంచు నేలల్లో గుడ్లు పెడుతుంది. ముందు పెద్ద పక్షులు బయల్దేరతాయి. అవి మన దగ్గర దిగేటప్పటికి వాటి ఇటుక రంగు ఈకలు అక్కడక్కడా వెలిసి, అతుకుల బొంతలా ఉంటాయి. పిల్లలు ఆ తర్వాత వస్తాయి. తల్లి వెంట కాదు, తండ్రి వెంట కాదు. జులైలో గుడ్డులోంచి బయటికి వచ్చిన పిల్ల, ఎప్పుడూ చూడని దారిలో, చాలావరకు రాత్రిపూట ఎగురుతూ, అక్టోబరుకు మన సూళ్లూరుపేట బురదలో దిగుతుంది. దాని వీపు మీద ప్రతి ఈకకూ సన్నటి తెల్ల అంచు ఉంటుంది, కొత్త చొక్కాకు ఇస్త్రీ మడత ఉన్నట్టు. మూడు నెలల వయసు దానిది. టెలిస్కోపులో ఆ అంచులు మొదటిసారి చూసిన మా తొమ్మిదో తరగతి అమ్మాయి చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత నన్ను అడిగింది, "వాళ్లమ్మ ఎక్కడుంది సార్?" అని.

ఏ యేడు పిల్లలు ఎన్ని వచ్చాయో లెక్కపెడితే ఆ జాతి బాగుందో లేదో తెలుస్తుంది. ఆ లెక్క జనవరిలో తీయడం కష్టం. అప్పటికి ఆ తెల్ల అంచులు అరిగిపోతాయి, పెద్దలూ పిల్లలూ దూరం నుంచి ఒకేలా కనబడతాయి.

అరుదైన పక్షుల సంగతీ అంతే. గరిటె లాంటి ముక్కున్న ఒక చిన్న ఉల్లంకి ఉంది. ప్రపంచం మొత్తం మీద కొన్ని వందలే మిగిలాయి. మన తూర్పు తీరంలో చిలికలోనూ, తమిళనాడులో కోడియక్కరైలోనూ పూర్వం కనబడిన దాఖలాలున్నాయి. అది వస్తే ఒక్కటిగా రాదు, తనలాగే ఉండే వందల పిట్టల మధ్యలో కలిసిపోయి వస్తుంది. ముక్కు ముక్కూ చూసుకుంటూ పోతే తప్ప దొరకదు. పులికాట్‌కు వచ్చిందని నేను అనడం లేదు. వారానికి ఒక్కరోజు, ఇద్దరు ముగ్గురం చూస్తే వచ్చినా తెలియదు అంటున్నాను. తుఫాను రోజుల్లోనూ ఇదే కథ. సముద్రం మీద బతికే పక్షుల్ని గాలి తీరానికి, ఒక్కోసారి లోపలి చెరువులకు కూడా తోసేస్తుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ ముందు రోజుల్లో మా వైపంతా కుండపోత, రోడ్లు తెగిపోయి ఇంట్లోంచి కదల్లేకపోయాం. ఆ రోజుల్లో మన తీరానికి ఏమేమి కొట్టుకొచ్చాయో చూసుంటే సూళ్లూరుపేట వాళ్లే చూసుండాలి. చూసినా రాసుకునే పుస్తకం వాళ్ల చేతిలో లేదు.

ఇక కళ్లారా చూసిన రెండు సంగతులు.

మొన్న నవంబరులో శ్రీహరికోట రోడ్డులో అటకానితిప్ప దాటాక ఒడ్డున ఎవరో వదిలేసిన నైలాన్ వల ముక్క బురదలో సగం కూరుకుపోయి ఉంది. దాంట్లో మూడు చిన్న ఉల్లంకులు. రెండు అప్పటికే చచ్చిపోయాయి. మూడోది కదులుతోంది. నాతో వచ్చిన కుర్రాడు నెయిల్ కట్టర్‌తో ఒక్కో పోగూ తెంపాడు, పావుగంట పట్టింది. రెక్క కింద దారం చర్మంలోకి దిగి ఎర్రగా ఉంది. విడిపించి అరచేతిలో పెట్టుకుంటే ఐదు రూపాయల బిళ్లలు ఓ మూడు నాలుగు కలిపినంత బరువు కూడా లేదు. దాని గుండె మాత్రం నా బొటనవేలి కింద కుట్టుమిషను సూదిలా కొట్టుకుంటోంది. నల్లటి కాళ్లు మడిచి కాసేపు అలాగే కూర్చుంది. ఆ తర్వాత ఎగిరింది. ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గర పుట్టి, హిమాలయాలు దాటి వచ్చిన ప్రాణి, మన ఒడ్డున పాతిక రూపాయల వల ముక్కకు దొరికిపోయింది. వెంటనే ఒక ఆఫీసుకు ఫోన్ చేశాను. అది తమ పరిధి కాదన్నారు. ఎవరి పరిధో వాళ్లకూ తెలియదు.

రెండోది అంతకు ముందు నెలలో. ఒక జీపు రోడ్డు దిగి బురద మీదికి వెళ్లింది. వీడియో కోసం. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి, చూడటానికి చాలా అందంగా ఉంటుంది, అందుకే జనం మళ్లీ మళ్లీ లేపుతారు. ఆ పొద్దున గంటన్నరలో నాలుగుసార్లు లేపారు. ఆ పిట్టలు లేచిన ప్రతిసారీ ఒళ్లు కరుగుతుందని వాళ్లకు తెలియదు. దూర ప్రయాణానికి ముందు కొన్ని పిట్టలు తిని తిని బరువు దాదాపు రెట్టింపు చేసుకుంటాయి. ఆ కొవ్వే వాటికి పెట్రోలు. ఆ రోజు దిగినవాటిలో కొన్ని శ్రీలంక దాకా వెళ్లాల్సినవి ఉండొచ్చు. నేను వెళ్లి చెబితే ఆ కుర్రాళ్లు వెంటనే జీపు వెనక్కి తీశారు, సారీ కూడా చెప్పారు. చెడ్డవాళ్లు కాదు. చెప్పేవాళ్లు లేరు, ఒక్క బోర్డు లేదు, అంతే.

వలస అంటే ఒక్క తీరానిదే కాదని తిరుపతిలో నాకు తెలిసింది. ఒక అక్టోబరు ఉదయం, బ్రహ్మోత్సవాలకు వచ్చిన జనంతో ఊరు కిక్కిరిసి ఉన్న రోజుల్లో, మా బడి కిటికీ అద్దం కింద పొన్నంకి పిట్ట పడి ఉంది. పచ్చటి వీపు, గోధుమ రంగు రొమ్ము, తోక కింద కుంకుమ పూసినట్టు ఎరుపు. ఉత్తరాది అడవుల్లో పిల్లల్ని పెంచి, చలికాలానికి మన వైపూ, శ్రీలంకకూ వస్తుంది. రాత్రిపూట ఎగురుతుంది. దీపాలకు దారి తప్పుతుంది, అద్దానికి కొట్టుకుంటుంది. పాత చెప్పుల అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, చీకటిగా, చప్పుడు లేనిచోట గంటసేపు ఉంచాం. నీళ్లు పోయలేదు, తిండి పెట్టలేదు, పిల్లలు పెడదామన్నా వద్దన్నాను. మూత తీసేసరికి నిలబడి ఉంది. కొండ కింద చెట్ల దగ్గర వదిలాం. ఇలాంటప్పుడు ఎవరికి చెప్పాలో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇక్కడ ఎస్వీ జూపార్కు ఉంది, అటవీ శాఖ వాళ్లున్నారు. సెప్టెంబరు రాగానే ఒకే ఒక్క ఫోన్ నంబరు బడులకు, బస్టాండుకు, అపార్టుమెంట్లకు పంచిపెడితే చాలు.

పులికాట్ దగ్గరికి వస్తే, నేను అడిగేది పెద్ద భవనాలు కాదు. సెప్టెంబరు ఒకటి నుంచి నవంబరు ఆఖరు దాకా సూళ్లూరుపేట, తడ వైపు ఊళ్ల కుర్రాళ్లను, ఆడపిల్లలను ఒక పది పన్నెండు మందిని జీతం మీద పెట్టండి. చేపల వేటకు వెళ్లే కుటుంబాల వాళ్లయితే మరీ మంచిది. వాళ్లకు రెండు మంచి టెలిస్కోపులు, బైనాక్యులర్లు, ఒక పుస్తకం ఇవ్వండి. వారానికి రెండు రోజులు, అవే చోట్ల, అదే వేళకు లెక్క రాయించండి: పక్షి పేరు, సంఖ్య, పెద్దవా పిల్లలా, నీళ్ల లోతు ఎంత. మిగతా రోజుల్లో ఒడ్డు వెంట తిరిగి తెగిన వలలు ఏరడం, వచ్చినవాళ్లకు పక్షుల్ని చూపించడం, బురద మీదికి బండి దిగకుండా చెప్పడం. నేర్పించడానికి తిరుపతిలోనే ఐసర్ అనే కేంద్ర సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఉంది, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడిలో ఎన్నో ఏళ్లుగా పక్షుల పాఠాలు చెప్పినవాళ్లున్నారు. మాలాంటి మాస్టర్లం ఆదివారాలు ఊరికే వస్తాం.

ఒడిశాలో చిలిక ఒడ్డున మంగళాజోడి అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ పక్షుల వేటే బతుకు. అదే మనుషులు ఇప్పుడు గెడ వేసి పడవ నడుపుతూ పక్షుల్ని చూపిస్తున్నారు, కాపలా కాస్తున్నారు. మన వైపు మనుషులు అంతకంటే ముందే ఆ దారిలో ఉన్నారు. పులికాట్ దగ్గరి నేలపట్టు చెరువులో గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుంటే ఆ ఊరివాళ్లు వాటిని తమ పక్షులనే అనుకుంటారు. వాటి రెట్ట కలిసిన నీళ్లు పొలాలకు బలమని నమ్ముతారు. వెదురుపట్టులో కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీద పిల్లల్ని పెడితే ఎవరూ తోలరు. ఇలాంటి జనం మనకుండగా బయటి నుంచి ఎవరినో తేవాల్సిన పని లేదు.

ఒక్క మనవి మాత్రం గట్టిగా చేస్తాను. పక్షుల పేరు చెప్పి వలకారులను వేధించకండి. 1976 నుంచి పులికాట్ పక్షుల అభయారణ్యం. అంతకు ఎన్నో తరాల ముందు నుంచి అది వాళ్ల అన్నం గిన్నె. రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడిపోయి సముద్రపు నీళ్లు సరిగ్గా లోపలికి రాక వాళ్లు ఎంత నష్టపోతున్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ పూడిక తీయాల్సిందే. తీసినప్పుడు నీళ్లు ఎంత మారాయి, పక్షులు ఎటు జరిగాయి అన్నది తేలాలంటే తీయకముందు లెక్కలు ఉండాలి. జనవరి లెక్క ఒక్కటీ చాలదు. పాత వల తెచ్చి ఇచ్చినవాళ్లకు కిలోకు ఇంత అని డబ్బు ఇస్తే ఒడ్డున వల ముక్క మిగలదు.

శ్రీహరికోట రోడ్డు మీద రెండు మూడు చోట్ల బండి ఆపుకునే వెడల్పు కూడా ఇప్పించండి. పిల్లల్ని బస్సులో తీసుకొస్తే ఆపడానికి చోటుండదు, వెనక నుంచి లారీలు హారన్లు. ప్రతిసారీ టెన్షనే.

అయ్యా, ఈ అక్టోబరులో ఒక ఆదివారం మీరు రండి. కాన్వాయ్ వద్దు, రెండు బండ్లు చాలు. ఉదయం ఐదున్నరకు సూళ్లూరుపేట బస్టాండులో మేము ఉంటాం. టెలిస్కోపు మేమే తెస్తాం. అప్పుడు ఆ పిల్ల ఉల్లంకుల తెల్ల అంచులు మీకు చూపించమని మా తొమ్మిదో తరగతి అమ్మాయికే చెబుతాను. ఇప్పుడు పదో తరగతి. ఆ రోజు ట్యూషన్ ఉన్నా మానేసి వస్తానంది.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక సైన్సు మాస్టారు