కిటికీలు మూసిపెట్టి, గేటు దగ్గర థర్మల్ గన్నా?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇది 2022 జనవరిలో, కరోనా మూడో విడత నడుస్తుండగా రాస్తున్న ఉత్తరం. సంక్రాంతి సెలవులయ్యాక జనవరి 17న మన ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచారు. మంచి పని చేశారు. తెలంగాణలో నెలాఖరు దాకా సెలవులు పొడిగించారు కాబట్టి ఇక్కడా మూసేయాలని విజయనగరంలో కొందరు పెద్దలు అడుగుతున్నారు. దయచేసి ఆ మాట ఎత్తవద్దు. 2020లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల సంగతి చూడండి. ఆ ఏడాది చిన్న తరగతులు మొదలైందే 2021 ఫిబ్రవరి 1న. ఏప్రిల్ 20న మళ్లీ మూశారు. ఒకటో తరగతి మొత్తానికి మూడు నెలలు కూడా నిండలేదు. ఆగస్టు 16న తెరిచేసరికి ఆ పిల్ల రెండో తరగతి అయిపోయింది. గుణింతాలు రాకుండానే రెండో తరగతి వాచకం చేతికొచ్చింది. టీవీలో పాఠాలు చెప్పారు, ఫోనులో పంపారు, కాదనం. కానీ ఇంటికి ఒక్క ఫోను ఉంటే అది తండ్రి జేబులో పొద్దున్నే పనికి పోతుంది.

మా బాధ అంతా తెరిచిన బడిలో జరుగుతున్న తంతు గురించి. 2020 మే మొదటి వారం దాకా ఈ జిల్లాలో ఒక్క కేసు లేదు. అప్పటికి ఈ జబ్బు ఎలా అంటుకుంటుందో ఎవరికీ సరిగా తెలియదు, భయంతో అన్నీ మూశాం, అన్నీ కడిగాం. అందుకు ఎవరినీ తప్పుపట్టం. ఇప్పుడు రెండేళ్లు కావస్తోంది. తెలిసింది తెలిసినట్టు ఆచరించకపోతే మాత్రం తప్పే.

గేటు దగ్గర మొదలుపెడదాం. 300 మంది పిల్లలున్న బడికి జ్వరం చూసే థర్మల్ గన్ ఒక్కటి. ఒక్కొక్కరికి ఆరు సెకన్లు పట్టినా మొత్తం అరగంట. ఆ అరగంటా పిల్లలు గేటు దగ్గర ఒకరినొకరు తోసుకుంటూ నిలబడతారు. పోనీ వచ్చే అంకె అయినా సరైనదా అంటే, ఆ పరికరం కొలిచేది నుదుటి చర్మం వేడిని. జనవరి మంచులో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన పిల్లవాడి నుదురు చల్లబడి ఉంటుంది, 94 చూపిస్తుంది. ఒక్కోసారి అంకె బదులు 'లో' అని వస్తుంది. మార్చి ఎండలో అదే పిల్లవాడు వస్తే 100 చూపిస్తుంది. నీడపట్టున పావుగంట కూర్చోబెట్టి, చెమట తుడిచి, నుదుటికి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే తప్ప ఆ అంకెకు విలువ లేదు. మనవాళ్లు మణికట్టు మీద నొక్కి లోపలికి పంపేస్తున్నారు. బొత్తాం పొరపాటున తగిలి మనిషి కొలత నుంచి వస్తువుల కొలతకు మారిపోయినా చూసేవారు లేరు. రిజిస్టరు తిరగేస్తే పేజీ అంతా 97.2, 97.4, 97.2.

జ్వరం సంగతి తేలాలంటే ఇంట్లో అడగాలి. రాత్రి ఒళ్లు కాలిందా, పొద్దున్న పారాసెటమాల్ వేశారా అని. మాత్ర వేసి పంపితే కొన్ని గంటల దాకా ఏ గన్నూ పట్టుకోలేదు. మాత్ర వేసి మరీ ఎందుకు పంపుతున్నారో కూడా మనకు తెలుసు. హాజరు 75 శాతం కంటే తగ్గితే అమ్మ ఒడి (పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వ సాయం) డబ్బులు పోతాయని తల్లుల భయం. జ్వరం, దగ్గు, గొంతునొప్పితో ఇంట్లో ఉన్న రోజుల్ని ఆ లెక్కలోంచి తీసేస్తామని ఒక్క ఉత్తర్వు ఇస్తే, ఉన్న థర్మల్ గన్లన్నీ కలిసి చేయలేని పని అవుతుంది.

తర్వాత హైపోక్లోరైట్, అంటే క్రిములు చావడానికి వాడే క్లోరిన్ మందు. ఇప్పటికీ పొద్దున్నే వీపున డబ్బా తగిలించుకుని బడి గోడలకు, చెట్లకు, మట్టినేలకు పిచికారీ కొడుతున్నారు. మట్టి, దుమ్ము తగిలిన చోట క్లోరిన్ అక్కడికక్కడే ఖర్చైపోతుంది. వీధుల్లో ఇలా కొట్టడం వల్ల ఉపయోగం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది. మనుషుల మీద కొట్టవద్దని మన కేంద్ర ఆరోగ్య శాఖ అంతకు ముందే, ఏప్రిల్‌లో చెప్పింది. గది శుభ్రం చేయాలనుకుంటే ముందు ఊడ్చి తడిగుడ్డతో తుడవాలి, ఆ తర్వాతే మందు. బజారులో దొరికే 5 శాతం ద్రావణం ఒక పాలుకు నాలుగు పాళ్ల నీళ్లు కలిపితే 1 శాతం అవుతుంది. బ్లీచింగ్ పౌడరైతే కొత్త సంచిలోది లీటరుకు 30 గ్రాములు. మూతి కట్టకుండా వర్షాకాలమంతా వదిలేసిన సంచిలోది ఎంత వేసినా తెల్లటి సున్నపు నీళ్లే. గుడ్డతో పూసి పది నిమిషాలు తడిగా ఉంచాలి, కలిపింది ఆ రోజే వాడేయాలి. ఇనుప బెంచీల కాళ్లు తుప్పు పడతాయి కాబట్టి తర్వాత మంచినీళ్లతో తుడవాలి. ఒక హెచ్చరిక: మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ని దీనితో కలపకూడదు. క్లోరిన్ వాయువు లేచి ఆయాకు ఊపిరాడదు. బకెట్లు వేరు, రోజులు వేరు చేయండి.

ఇంత శ్రమా, ఇంత ఖర్చూ దేనికంటే గోడలకు, బల్లలకు. జబ్బు వస్తున్నది గాలిలో. తుంపర్లు రెండు మీటర్లలోపు పడిపోతాయి గానీ సూక్ష్మమైనవి పది మీటర్ల దాకా తేలిపోగలవని కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం 2021 మేలో చెప్పింది. తలుపులు, కిటికీలు తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టండి అని బొమ్మలు గీసి మరీ చెప్పింది. ఆ కాగితం మన బడుల దాకా వచ్చినట్టు లేదు.

మీ బడిలో గది ఎలా ఉందో తెలుసుకోవడానికి ఒక అగరుబత్తి చాలు. పిల్లలు లేని వేళ ఫ్యాన్లు ఆపి, గది మధ్యలో, కూర్చున్న పిల్లవాడి నోటి ఎత్తున, అంటే నేల నుంచి మూడడుగుల ఎత్తులో నిలబెట్టండి. పొగ తాడులా నిటారుగా లేచి స్లాబు కింద గొడుగులా పరుచుకుని అక్కడే వేలాడితే ఆ గదిలో గాలి ఆడడం లేదు. ఇప్పుడు గుమ్మానికి ఎదురుగోడ కిటికీ ఒక్క రెక్క తీయండి. పొగ తల తిప్పుతుంది, పక్కకు వంగి బయటికి దారి వెతుక్కుంటుంది. ఫ్యాను వేసి కిటికీ మూస్తే మాత్రం పొగ కనిపించదు, వాసన గదంతా పట్టేస్తుంది. ఫ్యాను గాలిని కలుపుతుందే గానీ మార్చదు. ఒక బెంచీలోని దగ్గు అన్ని బెంచీలకూ పంచుతుంది. కిటికీలు తెరిచి వేస్తేనే దానివల్ల మేలు.

కిటికీలు ఎందుకు మూసి ఉంటున్నాయో బడిలో పనిచేసేవారికి తెలుసు. రెక్క గాలికి దభదభా కొట్టుకుంటుంది, బోర్డు మీద వెలుతురు పడి అక్షరం కనిపించదు, వానకు ఉబ్బిన చెక్క బిగిసిపోయింది, బందు ఊడితే తీగతో కట్టేశారు, విరిగిన బెంచీలు కిటికీకి అడ్డంగా పేర్చారు, ఊచల మీద చార్టులు అంటించారు. వీటిలో ఒక్కటీ పెద్ద ఖర్చు కాదు. రెక్కకు ఒక కొక్కెం, రెండు మడతబందులు, వడ్రంగి ఒక పూట పని. బోర్డు మీద వెలుతురు పడితే ఆ ఒక్క కిటికీ కింది రెక్క మూసి పైది తెరిస్తే సరిపోతుంది. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకంలో మరమ్మతులు తల్లిదండ్రుల కమిటీ చేతిలోనే ఉన్నాయి. రంగుల కంటే ముందు కిటికీల మరమ్మతు రాయించండి. చలి అనిపిస్తే కూడా పై రెక్కలు మూయకుండా, పీరియడ్ గంట కొట్టగానే అన్నీ ఐదు నిమిషాలు బార్లా తీయాలి.

ఎదురుగోడకు కిటికీ పెట్టే వీలులేని గదులున్నాయి, ముఖ్యంగా ఊళ్లో మేడల మీద నడిచే ప్రైవేటు బడుల్లో, ట్యూషన్ గదుల్లో. అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పదు. ఇరవై అడుగుల పొడవు, ఇరవై వెడల్పు, పది ఎత్తున్న గదిలో 4,000 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. గంటకు ఆరుసార్లు మారాలంటే నిమిషానికి 400 ఘనపుటడుగులు బయటికి పోవాలి. పన్నెండు అంగుళాల ఫ్యాను, పెట్టె మీద రాసిన దానిలో సగమే పనిచేసినా, ఇంచుమించు ఆ మాత్రం లాగుతుంది. బిగించే చోటే అసలు సంగతి. గుమ్మానికి వీలైనంత దూరంగా, బయటివైపు గోడకు, పైన బిగించాలి. తెరిచిన కిటికీ పక్కనే బిగిస్తే ఆ కిటికీ గాలినే లాగి బయటికి వదులుతుంది, పిల్లలున్న వైపు గాలి కదలదు. మండలానికి ఒక కార్బన్ డయాక్సైడ్ మీటరు కొని బడి బడికీ తిప్పితే ఇంకా మంచిది. మన ఊపిరిలోంచి వచ్చే ఆ వాయువు పదిలక్షల పాళ్ల గాలిలో ఎన్ని పాళ్లుందో అది చెబుతుంది. ఆరుబయట 400 పైచిలుకు చూపిస్తుంది. గదిలో 1,000 లోపు ఉండాలి. తలుపులు మూసిన గదిలో నలభై మంది కూర్చుంటే ఒక్క పీరియడ్‌లో 1,500 దాటిపోతుంది.

బడి ఆటో సంగతి ఏ ఉత్తర్వులోనూ కనిపించదు. పొద్దున్న చలికి రెండు పక్కలా రెక్సిన్ పరదా దించి, తాడుతో బిగించి, లోపల పన్నెండు మంది పిల్లల్ని ఒళ్లో ఒకరిని కూర్చోబెట్టుకుని అరగంట తిప్పుతారు. దిగాక గేటు దగ్గర ఆరడుగుల దూరంలో సున్నపు వలయాల్లో నిలబెడతాం! పరదా పైకి చుట్టి, పిల్లలకు స్వెట్టరు వేస్తే చాలు.

మాస్కుల మీద ఒక మాట. ఐదేళ్ల దాకా పిల్లలకు మాస్కు అక్కర్లేదనీ, ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లు సరిగా పెట్టుకోగలిగితేనే, పెద్దల కనుసన్నల్లో పెట్టుకోవాలనీ 2022 జనవరిలోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. అయినా అంగన్‌వాడీ పిల్లల్ని కూడా మాస్కు లేదని వెనక్కి పంపుతున్నారు. ఒకటో తరగతిలో శ-ష-స తేడా లాంటివి మాస్టారి పెదవులు, నాలుక చూసి నేర్చుకునేవి. అక్షరాల గంట వేపచెట్టు కిందో వరండాలోనో పెట్టి, మాస్టారు రెండు మీటర్లు దూరం జరిగి మాస్కు దించి పలికితే నష్టం లేదు. పెద్ద పిల్లలకు రెండేసి మాస్కులు ఇవ్వాలి. మధ్యాహ్నానికి తడిసిన గుడ్డలోంచి ఊపిరాడదు, ముక్కు కిందికి లాగేస్తారు.

అందరూ ఒకేసారి మాస్కు తీసేది అన్నం దగ్గర. అక్కడే మన జాగ్రత్త అంతా ఉండాలి. 120 మంది ఉంటే నలభై మందికొక వరస, వరసకు ఇరవై నిమిషాలు, గంటలో అయిపోతుంది. వరండాలోనో చెట్టు కిందో, ఎదురెదురుగా కాకుండా అందరూ ఒకే వైపు తిరిగి కూర్చోవాలి. చేతులకు సబ్బు కావాలి. మట్టి, జిడ్డు ఉన్న చేతికి శానిటైజర్ పనిచేయదు, ఆ వాసన అన్నానికి పడుతుంది. నాలుగు కుళాయిలుంటే నలభై మంది ఏడు నిమిషాల్లో కడుక్కుంటారు. శానిటైజర్ క్యాను వంటగదిలో పొయ్యి దగ్గర పెట్టవద్దు. అది స్పిరిటు, మంట కనిపించకుండానే అంటుకుంటుంది.

ఒక పిల్లకు పాజిటివ్ అనగానే బడి మొత్తానికి తాళం వేయడం కూడా మానాలి. గది గదికీ ఏ బెంచీలో ఎవరు కూర్చున్నారో ఒక కాగితం మీద గీసి, తేదీ వేసి తలుపు వెనక అంటిస్తే, ఎవరిని పరీక్షకు పంపాలో ఐదు నిమిషాల్లో తేలుతుంది. మిగతా గదులు నడుస్తాయి.

ఊరి ఆంక్షలూ ఈ తీరునే ఉన్నాయి. 2022 జనవరిలో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా కర్ఫ్యూ పెట్టారు. మూడు లాంతర్ల దగ్గర, గంటస్తంభం బజారులో ఆ వేళకు షట్టర్లు దిగే ఉంటాయి. వైరస్ తిరిగేది పగలు, కిక్కిరిసిన షేర్ ఆటోలో, కిటికీ అద్దాలు మూసిన బస్సులో. 2021 మే 5 నుంచి దుకాణాలు ఉదయం 6 నుంచి 12 దాకా మాత్రమే అన్నారు. రోజుకు పద్నాలుగు గంటలు తెరిచే కిరాణా కొట్టుకు 280 మంది వస్తే గంటకు ఇరవై మంది. ఆరు గంటలకు కుదిస్తే గంటకు దాదాపు 47 మంది. వేళలు తగ్గిస్తే జనం తగ్గరు, ఒకచోటికి చేరతారు. 2020లో కూరగాయల బజార్లను మైదానాల్లోకి మార్చడం సరైన పని, దాన్నే కొనసాగించాల్సింది. 2022 జనవరిలో వేడుకలకు ఆరుబయట 200 మంది, హాల్లో 100 మంది అన్నారు. ఏసీ వేసి తలుపులు బిగించిన కల్యాణమండపంలో వంద మంది నాలుగు గంటలు కూర్చోవడం కంటే పందిరి కింద రెండు వందల మంది నయం. ఒంటరిగా స్కూటరు మీద పోయేవాడికి మాస్కు లేదని 100 రూపాయల జరిమానా వేసే బదులు ఆ పోలీసుల్ని ఫంక్షన్ హాళ్ల కిటికీలు తెరిపించడానికి పంపండి.

చివరిగా, అన్నిటికంటే తొందరగా చూడాల్సినవి పార్వతీపురం, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు ఆశ్రమ పాఠశాలలు, అంటే గిరిజన పిల్లలు అక్కడే ఉండి చదువుకునే బడులు. తరగతి గదిలో పిల్లలు ఐదారు గంటలు ఉంటారు, పడకగదిలో రాత్రంతా ఉంటారు. దోమలకూ చలికీ భయపడి సాయంత్రం ఆరింటికే కిటికీలు బిగిస్తారు. మలేరియా ఉన్న చోట దోమలకు భయపడటం న్యాయమే. అందుకే కిటికీలకు జాలీ కొట్టించి రెక్కలు తీసి ఉంచాలి. జాలీకి దుమ్ము పట్టి గాలి ఆగిపోతుంది కాబట్టి నెలకోసారి బ్రష్షుతో దులపాలి. పక్కలు ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్లు వచ్చేలా వేయించాలి. పదిహేనేళ్లు నిండిన పిల్లలకు 2022 జనవరి 3 నుంచి కోవాగ్జిన్ టీకా వేయడం మొదలుపెట్టారు, రెండో డోసు 28 రోజులకు. సంక్రాంతికి ఊరెళ్లి తిరిగి రాని పిల్లల జాబితా వార్డెన్ దగ్గరే ఉంటుంది. అది ఈ వారంలోనే ఆరోగ్య కేంద్రానికి అందితే వాళ్ల ఊళ్లోనే సూది వేయవచ్చు.

ఇట్లు,
సైన్సు ఉపాధ్యాయులు కొందరు,
విజయనగరం