నడక దారి గురించి రాశారు, గూళ్ల సంగతి రాయలేదు

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో చెన్నైలో అడయారు నది సముద్రంలో కలిసే చోట ఉన్న నడక దారి గురించి వ్యాసం వేశారు. మోకాళ్ల నొప్పులున్నవారు కూడా హాయిగా చుట్టి రావచ్చని, ఎక్కడ బయలుదేరామో అక్కడికే తిరిగి చేరుకుంటామని రాశారు. నిజమే. ఎత్తుపల్లాలు లేవు. నిదానంగా నడిచినా గంటలో ఒక చుట్టు పూర్తవుతుంది. ముప్ఫై ఏళ్లుగా మందవెలిలో ఉంటున్నాను కాబట్టి ఆ ఒడ్డు నాకు కొత్త కాదు. అది చిత్తడి నేల అని, అక్కడ పక్షులు గూళ్లు పెట్టుకుంటాయని మీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేకపోవడమే నా బాధ.

వ్యాసం వచ్చిన మరుసటి ఆదివారం తెల్లవారుజామున వెళ్లాను. అప్పటికే అక్కడ తిరునాళ్లలా ఉంది. ఒక కుటుంబం ఇడ్లీ పొట్లాలు విప్పి తిని, ఆకులూ ప్లాస్టిక్ కవర్లూ మడ చెట్ల మొదట్లో పడేసి లేచింది. ఇద్దరు కుర్రాళ్లు స్పీకరు పెట్టుకుని పాటలు వింటూ నడుస్తున్నారు. నీటి అంచున నిలబడిన నారాయణ పక్షి ఫోటో కోసం ఒకాయన గులకరాయి విసిరాడు, అది రెక్కలు విప్పి ఎగిరితే ఫోటో బాగా వస్తుందట! పక్కనే బోర్డు ఉంది. నిశ్శబ్దం పాటించాలని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. చదివినవాళ్లు లేరు, చదివించేవాళ్లూ లేరు.

దారి మలుపులో, బురద మొదలయ్యే చోట, ఒక తీతువు పిట్ట గొంతు చించుకుని అరుస్తూ నా తల మీదుగా రెండుసార్లు దూసుకుపోయింది. మన ఊళ్లలో అది కూస్తే అపశకునమంటారు. నిజానికి అది తన గుడ్ల కోసం చేసే కాపలా. ఆగి చూస్తే, నా చెప్పుకు రెండడుగుల దూరంలో, వట్టి నేల మీద నాలుగు గుడ్లు. మట్టి రంగు మీద నల్లటి మచ్చలు. చుట్టూ చిన్న చిన్న రాళ్లు పేర్చి ఉన్నాయి. తీతువు పుల్లలతో గూడు కట్టదు, నేలనే నమ్ముకుంటుంది. కాపలాదారును పిలిచి చూపించాను. ఎవరూ తొక్కకుండా అతను నాలుగు ఇటుకలు తెచ్చి చుట్టూ పెట్టాడు.

బుధవారం మళ్లీ వెళ్లాను. ఇటుకలు లేవు. దారి వెడల్పు చేయాలని అక్కడ కంకర పోసి చదును చేశారు. జనం పెరిగారు కాబట్టి వెడల్పు చేయమన్నారట. ఆ పిట్ట కంకర మీద అటూ ఇటూ పరుగెత్తుతూ, ఆగుతూ, మళ్లీ పరుగెత్తుతూ ఉంది. పని చేయిస్తున్న వ్యక్తిని అడిగితే, "మళ్లీ పెడుతుంది లేండమ్మా" అన్నాడు. సంబంధిత కార్యాలయానికి ఫోన్ చేశాను. నది ఒక శాఖదట, ఒడ్డు ఇంకో శాఖదట, దారి గుత్తేదారుదట. గుడ్లు ఎవరివని అడిగితే ఫోన్ పెట్టేశారు.

ఇది ఒక్క పిట్ట గొడవ అనుకోవద్దు. నదీ, సముద్రమూ కలిసే ఆ బురదలోకి ఆటుపోట్లతో రోజూ ఉప్పునీరు వచ్చి పోవాలి. అలా వస్తేనే మడ చెట్లు బతుకుతాయి, పీతలు బొరియలు తవ్వుతాయి, చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఉల్లంకి పిట్టలకు మేత దొరుకుతుంది. ఇసుక మేట వేసి ముఖద్వారం మూసుకుపోతే లోపల మురుగు నిలిచిపోతుంది. వాన నీరు ఆగి, ఇంకి, మెల్లగా కదిలే చోటు కూడా ఇదే. 2015 డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కులు వదిలినప్పుడు అడయారు ఏం చేసిందో ఈ నగరంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. నది ఒడ్డునే ఉన్న కోట్టూర్‌పురంలో మా చెల్లెలి కుటుంబం మేడ మీద రెండు రాత్రులు గడిపింది. నదికి చోటు లేకుండా చేసి, నది పొంగిందని ఏడుస్తాం.

ఈ నగరంలో నీటికి జరిగిన అన్యాయం ఇదొక్కటే కాదు. 1877-78 కరువు రోజుల్లో తిండి లేని కూలీలు అడయారును నగరంలోని ఇంకో నది కూవంతో కలుపుతూ తవ్విన కాలువ ఉంది. కాకినాడ దాకా సాగే బకింగ్‌హాం కాలువలో భాగమది. ఒకప్పుడు మన తెలుగువాళ్ల పడవలు దాని మీదుగానే మద్రాసు వచ్చేవి. ఇప్పుడు ఆ కాలువ గర్భంలోనే రైలు మార్గానికి స్తంభాలు పాతారు. పళ్లికరణై చిత్తడి నేలకు 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల అన్న గుర్తింపు, వచ్చింది, చాలా సంతోషం. అంతకు ముందే దాని పక్కన పెరుంగుడి చెత్త గుట్ట కొండంత ఎత్తు పెరిగింది. గుర్తింపు పత్రం అందుకునేటప్పుడు అందరూ ముందుంటారు. చెత్త తీయడానికి మాత్రం దశాబ్దాలు పడుతుంది.

నడవొద్దని నేను అనడం లేదు. ఆ ఒడ్డు చూస్తేనే పిల్లలకు దాని మీద ప్రేమ పుడుతుంది. 2011 జనవరిలో ఇదే అడయారు వాగు పక్కన 58 ఎకరాల్లో తొల్కాప్పియ పూంగా అనే పర్యావరణ పార్కు తెరిచినప్పుడు బడి పిల్లలను జట్లుగా తీసుకెళ్లి, వెంట మనిషిని ఉంచి చూపించేవారు. ఆ పద్ధతి ఇక్కడ ఎందుకు పనికిరాదు? ఒక్కసారికి ఇంతమందే అని లెక్క పెట్టండి. తినుబండారాలు గేటు దగ్గరే ఆపండి. గుడ్లు పెట్టే నెలల్లో ఆ మలుపు మూసేయండి, జనం వెనక్కి తిరిగి వస్తారు, చుట్టు పూర్తి కాకపోతే ఎవరికీ నష్టం లేదు. దారికి కంకర కాదు, కాపలాకు ఇంకో ఇద్దరు మనుషులు కావాలి.

మీరు కూడా ఒక పని చేయాలి. ఆ వ్యాసం వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో, అక్కడికి వెళ్లేవాళ్లు ఏం చేయకూడదో వేయండి. మీ వ్యాసం చదివే జనం వెళ్లారు. ఇదీ చదువుతారు.

ఒక పాఠకురాలు,
మందవెలి, చెన్నై