సుధాకర్‌కు, నాన్నగారి జెన్ గురించి

అనంతపురం,
ఆదివారం ఉదయం.

ఒరేయ్ సుధా,

నీ ఉత్తరం గురువారం అందింది. పిల్లల చదువులు, వైజాగ్ ఉక్కపోత, నీ మోకాలి నొప్పి అన్నీ చదువుకుంటూ తాపీగా వస్తుంటే చివరి రెండు వాక్యాల్లో పిడుగు వేశావు. మీ నాన్నగారి మారుతి జెన్ కారును పాత ఇనుప సామాను వాళ్లకు ఇచ్చేస్తున్నావని, ఎవరో ముప్పై రెండు వేలకు అడుగుతున్నారని. దాని కిందే, ఏమీ ఎరగనట్టు, 'నీకు కార్లంటే ప్రాణం కదా, ఇప్పుడు ఏ పాత కారు కొనిపెట్టుకుంటే ఇరవై ఏళ్ల తర్వాత మంచి ధర పలుకుతుందో చెప్పు' అని అడిగావు. నువ్వు అడిగినదానికి జవాబు మీ అపార్టుమెంటు కిందే దుమ్ము కొట్టుకుని నిలబడి ఉందిరా!

ముందు ఆ మనిషికి ఫోను చేసి, ఆలోచించి చెబుతానను. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక నీ ఇష్టం.

మా ఇంట్లో ఏం జరిగిందో నీకు తెలుసు. మా నాన్న ప్రీమియర్ పద్మినిని 2004లో పద్నాలుగు వేలకు ఇచ్చేశాను. స్టీరింగు పక్కన గేరు కడ్డీ, ముందు సీటు బల్లలా ఒకటే పరుపు. దసరా సెలవుల్లో ముగ్గురం ఆ ముందు సీట్లోనే ఇరుక్కుని లేపాక్షి వెళ్లాం, గుర్తుందా? డోరు అద్దం పక్కన ఉండే ఆ చిన్న మూడు మూలల అద్దం నాదంటే నాదని కొట్టుకున్నాం. తీసుకెళ్లినవాడు లారీలోకి ఎక్కించే ముందు మా వాకిట్లోనే డోర్లు ఊడదీసి గోడకు ఆనించాడు. ఆ చిన్న అద్దం అప్పుడే పగిలింది. ఆ రోజున నా కళ్లకు అదొక పాత కారు, అంతే. ఇల్లు ఇరుకు, పెట్రోలు ఖర్చు, స్పేర్లు దొరకవు. నువ్వు ఇప్పుడు జెన్ గురించి రాసిన కారణాలన్నీ అక్షరం పొల్లుపోకుండా నేను ఆనాడు చెప్పినవే. పద్మిని తయారీ 2000 ప్రాంతంలో ఆగిపోయింది. ముంబయిలో చివరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోతే పెద్ద వార్త అయింది. ఇప్పుడు మంచి పద్మిని కోసం జనం ఊళ్లు గాలిస్తున్నారు. మా నాన్న కారుంటే ఎంత పలికేదన్న బాధ కాదు నాది. అది ఉంటే చాలనిపిస్తుంది.

అప్పటినుంచి ఈ విషయం మీద చాలా ఆలోచించాను. నాకు అర్థమైంది చెబుతాను. ప్రతి మామూలు కారుకూ ఒక చులకన కాలం ఉంటుంది. కొత్తలో వీధంతా వచ్చి చూస్తుంది. పదిహేనేళ్లు దాటాక ఎవరికీ పట్టదు. డ్రైవింగు నేర్చుకునే పిల్లలకు ఇస్తారు, పాల క్యాన్లు వేస్తారు, చివరికి తూకానికి వేస్తారు. ఈ చులకన పదిహేను, ఇరవై ఏళ్లు నడుస్తుంది. దాన్ని దాటి బయటపడ్డ బండ్లు ఎన్ని ఉంటాయో, వాటిలో కంపెనీనుంచి వచ్చినట్టే ఉన్నవి ఎన్నో, దాన్ని బట్టే తర్వాతి ధర. కొత్తలో లక్షల్లో అమ్ముడుపోయిందా, వందల్లోనా అన్నది అంత ముఖ్యం కాదు. లక్షల్లో అమ్ముడుపోయినదాన్నే 'ఎక్కడైనా దొరుకుతుందిలే' అని ఎవరూ దాచరు.

దీనికి మారుతి 800ను మించిన ఉదాహరణ లేదు. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ మొట్టమొదటి కారు తాళాలు హర్పాల్ సింగ్ అనే ఆయన చేతికిచ్చారు. దేశమంతా చూసిన ఫొటో అది. ఆ కారును ఆయన జీవితాంతం ఉంచుకున్నారు. ఆయన 2010లో పోయాక ఆ కారే, దేశంలో మొదటి మారుతే, ఇంటి బయట ఎండకు ఎండి వానకు తడిసి తుప్పు పట్టింది. తర్వాత కంపెనీ దాన్ని బాగుచేసి తన ప్రధాన కార్యాలయంలో పెట్టుకుంది. మొదటి కారుకే ఆ గతి పడితే మిగతావాటి సంగతి ఊహించుకో. 2014 జనవరిలో 800 తయారీ ఆపేసేనాటికి పాతిక లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. కానీ 1986లో ఆకారం మారకముందు వచ్చిన ఆ డబ్బాలాంటి మొదటి మోడలు, ఎస్ఎస్80 అంటారు, నువ్వు ఆఖరుసారి ఎప్పుడు చూశావు?

నేను పోయిన నెల చూశాను. అసలు నీకు రాయాలనుకున్నది ఇదే.

తాడిపత్రి రోడ్డులో ఒక ఊరు. రిటైరైన హెడ్మాస్టరుగారు. వాళ్ల పాత మిద్దె పక్కన చెనక్కాయ మూటలు వేసుకునే కొట్టంలో ఉందని మా మెకానిక్ చెప్పాడు. వెళ్లేసరికి ఉగ్గాని, బజ్జీ పెట్టి, తినేదాకా కారు మాట ఎత్తనివ్వలేదు. తర్వాత ఖాళీ గోనెసంచులు ఒక్కొక్కటే లాగారు. తెల్ల రంగు, పాలిపోయి అటుకుల రంగుకు వచ్చింది. మన జిల్లాకు ఏపీ 02 నంబరు రాకముందరి మూడక్షరాల పాత నంబరు, అదీ చేత్తో రాసిన అక్షరాలు. నేను జేబురుమాల్లో చుట్టిన అయస్కాంతం తీసి డోరు కింది అంచు నుంచి మెల్లగా జరిపాను. తుప్పు తిన్నదాన్ని కప్పడానికి పుట్టీ పెట్టిన చోట అయస్కాంతం పట్టదు కదా. ముందునుంచి వెనకదాకా ఎక్కడా జారలేదురా! వెనక కుడి చక్రం పైన మాత్రం రూపాయి బిళ్లంత చోట వదులైంది. డ్యాష్‌బోర్డు ఎండకు రెండుగా చీలింది. రబ్బరు బీడింగు చేత్తో పట్టుకుంటే పొడి అయింది. చోక్ లాగితే వైరు తెగి మీట నా చేతికొచ్చింది. కింద మ్యాటు ఎత్తి చూశాను, రేకు మీద కంపెనీ రంగు అలాగే మెరుస్తోంది. ఆయన బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చారు. కారుతో ఇచ్చిన పుస్తకం, సర్వీసు చీటీలు, తాళంచెవుల జత. ఆ కాగితాలు చూసి నాకు నోట మాట రాలేదు.

అమ్మనన్నారు. ఆయన భార్య స్కూటరు మీద కూర్చోలేక ఇబ్బంది పడుతుంటే కొన్నారట. ఆమె ఇప్పుడు లేరు. నేనూ మళ్లీ అడగలేదు. బ్యాటరీ వైరు తీసేయమని, టైర్ల కింద చెక్క దిమ్మెలు పెట్టించమని, ట్యాంకులోని పాత పెట్రోలు తీయించమని మాత్రం చెప్పి, మా మెకానిక్‌ను పంపాను.

అప్పుడే ఇంకొకటి తట్టింది. మన అనంతపురం వానలు లేక ఎంత ఏడిపిస్తుందో నీకు తెలుసు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. చెనక్కాయ రైతుకు అది శాపం, కారు రేకుకు మాత్రం వరం. ఎండకు రంగు పోతుంది, ప్లాస్టిక్ పగులుతుంది, రబ్బరు చస్తుంది. అవన్నీ మళ్లీ సంపాదించుకోవచ్చు. రేకు లోపలినుంచి తుప్పు తింటే చేసేదేమీ లేదు. వైజాగ్ ఉప్పుగాలిలో నీ జెన్ ఎన్నాళ్లు నిలుస్తుందోనని నా భయమంతా అందుకే. ఢిల్లీలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లను, పదేళ్లు దాటిన డీజిల్ కార్లను రోడ్డెక్కనివ్వకూడదన్న ఆంక్షతో అక్కడ బాగున్న కార్లు కూడా ఎన్నో ఇల్లు వదిలాయి. మిగిలేవేవో ఇటువైపు కొట్టాల్లోనే మిగులుతాయి.

కొనేది ఎవరని కూడా చూడాలి. పదేళ్ల వయసులో ఒక కారును వీధిలో చూసి కళ్లప్పగించినవాడు, నలభై అయిదేళ్లకు చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు దాన్ని వెతుక్కుంటాడు. అంబాసిడర్, పద్మిని మన నాన్నల తరానివి, వాటి ధర ఇప్పటికే పెరిగింది. కాంటెస్సా కూడా అంతే. 1991లో వచ్చిన టాటా సియెర్రా, వెనకవైపు నెత్తిమీదికి వంగే ఆ పెద్ద అద్దాలతో, మూడు డోర్లతో, అప్పట్లో ఎక్కువమంది కొనలేదు. 2025లో అదే పేరుతో కొత్తది రావడంతో పాతది ఎక్కడుందా అని వెతుకులాట మొదలైంది. అది చేయి దాటిపోయినట్టే.

ఇకముందు పెరిగేవి 1990ల మధ్యనుంచి 2005 దాకా వచ్చినవని నా నమ్మకం. మన దేశానికి వచ్చిన మొదటి తరం హోండా సిటీలో వీటెక్ ఇంజన్ ఉన్నది. 1.5 లీటర్లలో 106 హార్స్‌పవర్, ఆ రోజుల్లో మాటలా! కుర్రాళ్లు దాన్ని కింద పెట్టకుండా వాడి, సైలెన్సర్లు మార్చి, రంగులు మార్చి పాడుచేశారు. అందుకే పాడవనిది దొరికితే వదలకూడదు. జపానులో 1983లో వచ్చిన టయోటా కొరోలా ఏఈ86 కథ కూడా ఇదే. సామాన్యుల కారు. తేలిగ్గా ఉండి వెనక చక్రాలతో నడిచేది కాబట్టి కుర్రాళ్లు కొండదారుల్లో అరగదీశారు, మిగిలినవి ఇప్పుడు అందనంత ఖరీదు. ఫియట్ పాలియో 1.6 మీద కూడా నాకు గురి ఉంది. టాటా నానోను ఎవరూ లెక్కచేయరు, నేను చేస్తాను. లక్ష రూపాయల కారుగా 2009లో వచ్చింది, వెనక రెండు సిలిండర్ల ఇంజన్, ప్రపంచమంతా మాట్లాడుకుంది. ఇప్పుడు సరిగ్గా చులకన కాలంలో ఉంది. ఏమీ మార్చని తొలి ఏడాది నానో ఒకటి మన ఊళ్లోనే దొరికితే కొనేద్దామని చూస్తున్నాను.

టాటా సుమో సంగతి వేరు. మన సీమ పేరెత్తితే సినిమావాళ్లు సుమోలే గాల్లోకి లేపారు. కానీ మనకు అది పెళ్లివాళ్ల బండి, తిరుపతి బండి, కాన్పుకు ఆస్పత్రికి తీసుకెళ్లిన బండి. టాటా వాహనాల కంపెనీని నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరును ఇంగ్లిషులో రాస్తే వచ్చే మొదటి రెండేసి అక్షరాలతో దానికా పేరు పెట్టారు. 1994 నాటి తొలి సుమో, అద్దెకు తిరగనిది, ఒకటైనా మిగిలిందా? ఉంటే దానికి సీమవాడే ఎక్కువ ధర పెడతాడు.

పెనుకొండ దగ్గర తయారయ్యే కియా కార్ల గురించి మా అబ్బాయి అడిగాడు. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చినప్పుడు మన జిల్లా అంతా పొంగిపోయింది, నేనూ వెళ్లి చూశాను. తొలి ఏడాది బండికి మనవాళ్ల మనసులో చోటుంటుంది. కానీ అంత తెర, అన్ని కంప్యూటర్ పెట్టెలు ముప్పై ఏళ్ల తర్వాత ఎవరు బాగుచేస్తారు? పాత కార్లలోని కార్బురేటర్ అయితే మా మెకానిక్ కొడుకు కూడా కిరసనాయిలులో కడిగి బిగించగలడు.

ఇప్పుడు నీ జెన్. 1993లో వచ్చింది, నాన్నగారు 1997లో కొన్నారు. 993 సీసీ అల్యూమినియం ఇంజన్, అయిదు గేర్లు, ఆ గుండ్రటి ముఖం. 2003లో ఆ ముఖం మార్చేశారు, 2006లో బండే ఆగిపోయింది. యూరప్‌కు ఆల్టో పేరుతో మన దేశం నుంచి వెళ్లింది ఇదే. మన ఈడు పిల్లలు ఎంతమంది దాని మీద డ్రైవింగు నేర్చుకున్నారో! నీది ఒకే యజమాని చేతిలో ఉన్నది, ఏపీ 02 నంబరు, నాన్నగారు ప్రతి సర్వీసూ డైరీలో రాసుకున్నారు. ఆ డైరీ ఎక్కడుంది? దాన్ని మాత్రం పారేయకు.

రిజిస్ట్రేషన్ ఖర్చు ఎక్కువైందన్నావు, నిజమే. పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. అయిదేళ్లకోసారి అది, మధ్యలో ఇన్సూరెన్సు, బ్యాటరీ. పైగా ఇప్పుడొచ్చే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్, పాత రబ్బరు గొట్టాలకు పడదు, అవి మార్పించాలి. యాభై ఏళ్లు నిండితే 2021 నాటి నిబంధనల ప్రకారం వింటేజ్ కింద, నంబరులో 'వీఏ' అక్షరాలతో, రిజిస్టరు చేయించుకోవచ్చు. కానీ అప్పుడు రోజువారీగా నడపకూడదు, ప్రదర్శనలకో ర్యాలీలకో అంతే. హెడ్మాస్టరుగారి 800కు ఆ యోగం 2035లో. నీ జెన్‌కు 2047 దాకా ఆగాలి. అప్పటిదాకా పెట్టే ఖర్చు లెక్కవేస్తే బంగారం కొనుక్కోవడమే లాభం. వైజాగ్‌లో ఒక ఫ్లాటు ధర వస్తుందని నేను చెప్పను. డబ్బు కోసమైతే ఇచ్చేయ్. నాన్నగారు పొద్దున్నే తడిగుడ్డతో దాని అద్దాలు తుడిచేవారు, మనం ఆ చప్పుడుకు లేచేవాళ్లం, అందుకోసమైతే ఉంచుకో. ముప్పై రెండు వేలతో నువ్వు ఏం కొంటావు చెప్పు?

నీకు చోటు లేదంటే నా దగ్గరుంది. పద్మిని నిలిపిన షెడ్డు ఖాళీగానే ఉంది, ఇప్పుడందులో పాత సైకిళ్లు, నీళ్ల డ్రమ్ములు. వాటిని నిన్ననే బయట పెట్టించాను. కారు నీ పేరనే ఉంటుంది, ఖర్చు సగం సగం. ఈలోగా ఒక పని చెయ్. డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాటు ఎత్తి, రేకుకు ఫొటో తీసి పంపు. తర్వాత బ్యానెట్ ఎత్తి బ్యాటరీ కింది తట్టను చూడు, అక్కడే ముందు తింటుంది. డిక్కీలో స్టెప్నీ తీసి గుంటలో నీళ్లు నిలిచాయేమో గుడ్డతో తుడిచి చూడు. ఈ మూడు ఫొటోలు చూస్తే నాకు చాలు. వచ్చే నెల మొదటి వారంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను. బండి తెచ్చేందుకు లారీవాడితో మాట్లాడేశాను, నీ ఫోనుకోసం ఆగాడు.

అమ్మకు నమస్కారాలు చెప్పు. మోకాలికి నువ్వులనూనె మానకు.

నీ,
రఘు